మా అక్క రాసిన ఊరి గొంతు

జర్మనీలో మా ఊరు మూస్‌రాయిట్‌లో ఎవరి పేరైనా అచ్చులో పడాలంటే ఆ మనిషి చనిపోవాలి, లేదంటే పక్కవాడి చేపల చెరువు గట్టు తెంచి కోర్టుకెక్కాలి. ఈ రెండూ చేయకుండా పేరు అచ్చు వేయించుకున్న మొదటి మనిషి మా అక్క ఆఫ్రా. నేను ఆమె తమ్ముణ్ణి, ఎర్‌హార్డ్ లేనర్‌ని. చెరువులు చూసుకుంటూ, చేపలు పెంచుకుంటూ బతికినవాణ్ణి. రాయడం నా పని కాదు. కానీ అక్క గురించి అడిగినవాళ్ళకు చెప్పీ చెప్పీ ఈ సంగతంతా నాకు నోటికి వచ్చేసింది. చెప్పినట్టే రాస్తున్నాను.

మా వంటింటికీ పశువుల కొట్టానికీ మధ్య ఒక్కటే గోడ. చిన్నప్పుడు అక్క కొట్టంలో పాలు పితుకుతూ, వీధిలో పోయేవాళ్ళ మాటలు వినేది. ఎవరో కొత్త మనిషి నాన్నను పలకరించి వెళ్ళిపోయాక, "ఈయన వాళ్ళమ్మది అడవి అవతలి ఊరు నాన్నా" అనేది. నాన్న తర్వాత ఆరా తీస్తే నిజమే అయ్యేది. మా వైపు నాలుగు ఊళ్ళు దాటితే మాట మారిపోతుంది. ఆ మార్పు అందరికీ తెలుస్తుంది. కానీ ఒకే మనిషి నోట్లో తల్లి ఊరూ తండ్రి ఊరూ విడివిడిగా వినిపించేది అక్కకు ఒక్కదానికే. "ఈ పిల్లకి దేవుడు కుందేలు చెవులు పెట్టాడు. పైకి కనపడకుండా దాచాడు" అని అమ్మ నవ్వేది.

టైపు నేర్చుకోవడానికి అక్కను వైడెన్ పట్నానికి పంపారు. అక్కడ మొదటి వారంలోనే జరిగిందది. టీచరు ఒక పాఠం ఇచ్చి పైకి చదవమంది. అందులో ఆవు ఉంది. పట్నంవాళ్ళు ఆవును 'కూ' అంటారు. మేము 'కోవ్' అంటాం. వాళ్ళు సోదరుణ్ణి 'బ్రూడర్' అంటే మేము 'బ్రోవ్దా' అంటాం. అక్క ఊళ్ళో చదివినట్టే చదివింది. వెనక బెంచీలో ఒక అమ్మాయి, "ఓవ్ ఓవ్" అని కుక్కలాగా అరిచింది. తర్వాత తరగతంతా అరిచింది. మా జిల్లావాళ్ళు మాట్లాడరు, మొరుగుతారు అన్నది పట్నాల్లో పాత వేళాకోళమే. మాకది తెలుసు. కానీ అంతమంది ఒక్కసారిగా తన ముఖం మీద మొరగడం అక్క అదే మొదటిసారి వినడం.

ఆమె ఏడవలేదు. టీచరుకు చెప్పలేదు. ఆ అమ్మాయిలు మాట్లాడుతుంటే నోళ్ళకేసి చూస్తూ కూర్చుంది. దర్జీ కుట్టు చూసి కుట్టు నేర్చుకున్నట్టు, ఆ ఏడాదిలోనే పట్నం మాట మొత్తం నేర్చేసుకుంది. ఊరి గుడి పండక్కి ఇంటికొచ్చి, భోజనాల దగ్గర, "దయచేసి ఆ ఉప్పు ఇటు అందిస్తారా?" అంది. ఎవరితో అంటోందా అని అమ్మ వెనక్కి తిరిగి చూసింది.

నాన్న చెంచా కింద పెట్టాడు. "జిల్లా ఆఫీసు నుంచి ఎవరో వచ్చినట్టున్నారు. మంచి పళ్ళెం తియ్యవే" అన్నాడు అమ్మతో.

అందరం నవ్వాం. అక్క నవ్వలేదు. ఆ రోజు నుంచి చాలా ఏళ్ళు ఇంట్లో కూడా మా మాట మాట్లాడలేదు. మేమొకటి అంటే ఆమె పట్నం మాటలో బదులు చెప్పేది. ప్రేమ తగ్గలేదు, నాకు కోట్లు కొనేది, అమ్మకు మందులు తెచ్చేది. అయినా నాకు మాత్రం మా అక్క ఎక్కడో ఆగిపోయి, ఆమె బదులు ఇంకెవరో బస్సు దిగి వస్తున్నట్టు ఉండేది.

టైపు చదువు అయ్యాక, విశ్వవిద్యాలయం ఉన్న నగరంలో ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం ఉందని తెలిసి వెళ్ళింది. ఆ ఆఫీసు పని ఏమిటంటే, పల్లెల్లో మనుషులు ఎలా మాట్లాడతారో టేపుల మీద పట్టి, ఆ పలుకును ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టడం. యుద్ధం తర్వాత ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి ఊళ్ళలో కలిశారు, కుర్రవాళ్ళు ఫ్యాక్టరీలకు పోతున్నారు, ఇంకో తరానికి ఈ మాటలు ఉండవని వాళ్ళ తొందర. ఆ పనికి పెద్ద డాక్టర్ టీడెమాన్. వైద్యం చేసే డాక్టరు కాదు, చదువుల డాక్టరు. ఉత్తరాన సముద్రం ఒడ్డువాడు. పొడుగ్గా, కొంచెం వంగి ఉండేవాడు.

ఆయన అక్కను అడిగిన మొదటి ప్రశ్న, "మీది ఏ ఊరు?"

"వైడెన్ దగ్గరండి" అంది అక్క, ఒక్క మచ్చ లేని పట్నం మాటలో.

ఆయన కాసేపు ఆమెను చూసి, "ఇంత శుభ్రంగా మాట్లాడేవాళ్ళు ఎక్కడా పుట్టరు లేనర్ గారూ. ఎక్కడి నుంచి దాక్కుని వచ్చారో చెప్పండి" అన్నాడు.

అక్క ముఖం కందిపోయింది. లేచి వెళ్ళిపోదామనుకుందట. అప్పుడాయన నెమ్మదిగా, "నేనూ దాక్కున్నవాణ్ణే. మా నానమ్మ మాటలో ఒక్క ముక్క బళ్ళో అన్నానని మా పంతులు వేళ్ళ మీద స్కేలుతో కొట్టాడు. మళ్ళీ ఆ మాట అనడానికి నాకు సగం జీవితం పట్టింది" అన్నాడు.

తర్వాత ఆయన ఒకే మాటను కొద్దికొద్ది తేడాలతో పలుకుతూ పోయాడు. ఎక్కడ నోరు ఎక్కువ తెరిచాడో, ఎక్కడ పెదవి గుండ్రంగా పెట్టాడో, ఎక్కడ ముక్కులోంచి గాలి వదిలాడో అక్క చెప్పుకుంటూ పోయింది. టైపిస్టుగా తీసుకుంటామన్న మనిషిని ఆయన ఆ సాయంత్రమే మనసులో ఇంకో పనికి రాసుకున్నాడు. "చెవి మీరు తెచ్చుకున్నారు. చెయ్యి నేనిస్తాను" అన్నాడు. అన్నట్టే చలికాలాలు రెండు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు.

ఆ పని ఎలా ఉంటుందో నేనొకసారి వెళ్ళి చూశాను. అక్క చెవులకు గొట్టాల్లాంటివి తగిలించుకుని, కాలితో మీట నొక్కుతూ కూర్చుంది. టేపు ఒక్క ఊపిరి పాటు తిరుగుతుంది, ఆగుతుంది, వెనక్కి పోతుంది, మళ్ళీ అదే ఊపిరి. ఒక్క మాట కోసం టీ చల్లారిపోయేదాకా తిప్పేది. కాగితం చూస్తే వానకు బయటపడ్డ చీమల బారులా ఉంది. మామూలు అక్షరాలే, కానీ కింద చుక్కలు, కొక్కేలు, పైన అలల్లాంటి గీతలు. అక్షరం కింద చుక్క ఉంటే నోరు కాస్త ముడిచినట్టు, కొక్కెం ఉంటే తెరిచినట్టు, పైన అల ఉంటే ముక్కులోంచి పలికినట్టు.

"ఎందుకక్కా ఇంత అవస్థ? మామూలుగా రాసేయొచ్చుగా?" అన్నాను.

"మామూలు రాత పట్నం నోటికి కొలత తీసి కుట్టిందిరా. పల్లె నోటికి భుజాల దగ్గర పట్టేస్తుంది. ఇది ఎవరి నోటికి వాళ్ళ కొలత" అంది. ఆ సంగతి కూడా పట్నం మాటలోనే అంది.

ఆ గదిలో అక్కా, డాక్టరు గారూ ఒక 'అ' గురించి తగువు పడటం విన్నాను. ఇంకాస్త తెరిచి ఉందని ఈమె, లేదని ఆయన. టేపు అరిగిపోయేలా విని, చివరికి ఆ పూట ఆయన మాటే నెగ్గింది. మర్నాడు ఇంకో మాట మీద ఈమె నెగ్గిందట. ఇద్దరికీ అది పండగలాగా ఉండేది.

కొన్నేళ్ళకు మా ఊరి వంతు వచ్చింది. గడ్డి కోతలయ్యాక, టేపురికార్డరు పెట్టుకున్న నీలం వ్యానులో డాక్టరు గారూ అక్కా మూస్‌రాయిట్ వచ్చారు. మా వాళ్ళు ఎదురువెళ్ళలేదు. తలుపులు వేసుకున్నారు. అంతకుముందు సంవత్సరమే రేడియోలో ఎవడో హాస్యగాడు మా జిల్లా మాటను వెక్కిరించి నగరాన్నంతా నవ్వించాడు. ఇప్పుడు మళ్ళీ మైకు పట్టుకొచ్చారంటే మా వాళ్ళకు అనుమానం రాదా మరి.

"మనం మొరిగితే పట్టుకెళ్ళి జంతుప్రదర్శనశాలలో వినిపిస్తారేమో" అన్నాడు మిల్లు లోరెంజ్, అందరికీ వినపడేలా.

చర్చి ఫాదరు గారు నచ్చజెప్పాక కొందరు వచ్చారు. రొట్టెల కొట్టు కాటల్ ఆదివారం బట్టలు కట్టుకుని, జపమాల చుట్టుకుని మైకు ముందు కూర్చుంది. పొద్దున లేచి ఏం చేస్తావో చెప్పమని డాక్టరు గారు అడిగారు. కాటల్ గొంతు సవరించుకుని, గుళ్ళో చదివినట్టు, "ప్రాతఃకాలమున మేల్కాంచి, పిదప గోవులకు మేత వేయుదుము" అంది. జీవితంలో ఎన్నడూ ఆవుల్ని అట్లా పిలిచిన మనిషి కాదు. ఆవిడ తర్వాత వచ్చినవాళ్ళూ అదే తీరు. సాయంత్రానికి డాక్టరు గారి టేపుల నిండా ప్రాతఃకాలాలే మిగిలాయి.

మా ఊళ్ళో అసలైన మాట ఎవరిదంటే అందరూ చెరువుల ఎమ్మెరం పేరే చెబుతారు. పుట్టినప్పటినుంచీ ఊరు దాటింది యుద్ధానికే. మర్నాడు నేను అక్కను ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్టరు గారు వ్యాను దగ్గరే ఆగారు. ఎమ్మెరం ఇంటిముందు బల్ల మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

"నమస్కారమండీ. మీ జీవితానుభవాలు కొన్ని మాతో పంచుకుంటారా?" అంది అక్క.

ఆయన వల మీంచి తల ఎత్తలేదు. "ఎర్‌హార్డూ, ఎవర్రా ఈవిడ? ఏందో అంటంది" అన్నాడు నాతో.

"మా అక్క తాతా. ఆఫ్రా."

"లేనరోళ్ళ ఆఫ్రాని నేనెరుగుదును. మా చెరువు బురదలో చెప్పు పోగొట్టుకుని మా గడప కాడ కూచుని ఏడ్చింది. ఆ పిల్ల మాట్లాడితే నాకు తెలిసేది. ఈవిడది తెలవట్లా."

"తాతా, అక్కకు నీ మాట కావాలంట" అన్నాను.

"నా మాట కావాలంటే నాతో మాట్లాడాలి. తన మాట దాచుకుని నా మాట పట్టుకపోతానంటే ఎట్టారా?"

నాకు అక్క పెదవులు కదలడం కనబడింది. చలికాలం నీళ్ళలో దిగేముందు మనిషి కాలు పెట్టి తీసినట్టు, ఒక మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది. తర్వాత బల్ల చివర కూర్చుని, వల రెండో కొస చేతిలోకి తీసుకుని, మా మాటలో, మా ఊరి 'ఓవ్'తో అడిగింది.

"తాతా, ఆ చెప్పు మళ్ళీ కనపడిందా?"

అన్నేళ్ళకు మా అక్క బస్సు దిగింది.

ఎమ్మెరం అప్పుడు తలెత్తాడు. "తుప్పు పట్టిందే నీ నోరు" అన్నాడు. ఆమెను ఎగాదిగా చూసి, "అయినా తిరుగుతాంది. దొరికింది, చెరువు ఎండగట్టినప్పుడు. దాంట్లో చేపపిల్ల కాపురం పెట్టింది. దాని ఇల్లు నీకెందుకని నేనే ఉంచేశా" అన్నాడు.

నేను పిలిస్తే డాక్టరు గారు టేపురికార్డరు పట్టుకొచ్చారు. ఆ మధ్యాహ్నం ఎమ్మెరం టేపు అయిపోయేదాకా చెబుతూనే ఉన్నాడు. బీరు గిడ్డంగులు చల్లగా ఉంచడానికి చెరువుల మీద మంచుగడ్డ కోసుకొచ్చే రోజుల్లో, తన తమ్ముడు ఫైట్ బండితో సహా చెరువు మంచులో కుంగిపోయిన సంగతి చెప్పాడు. పగ్గం విసిరి తమ్ముణ్ణి లాగాడు. గుర్రం మాత్రం దక్కలేదు. గట్టు మీద కూర్చుని గుర్రం కోసం వెక్కి వెక్కి ఏడ్చాడు. ఫైట్ బతికినంతకాలం దానికి అలిగాడట. మధ్యమధ్య అక్క మా మాటలోనే "ఊఁ, తర్వాత?" అంటూ ఉంది. డాక్టరు గారు పక్కన మీటలు తిప్పుతూ, ఊపిరి కూడా మెల్లగా పీల్చారు.

ఆ సాయంత్రం ఇంట్లో అక్క ఉప్పు అడిగింది. మా మాటలో అడిగింది. నాన్న ఉప్పు డబ్బా మొత్తం ఆమె ముందు పెట్టాడు.

నగరానికి వెళ్ళాక అక్క ఎమ్మెరం టేపు రాయడానికి కూర్చుంది. ఆయన దగ్గు, ఊపిరి తీసిన చోటు, నవ్వు ఆపుకుంటే సాగిన అక్షరం, తమ్ముడి పేరు దగ్గర గొంతు పడిపోవడం, అన్నీ గుర్తులు పెట్టింది. ఇంతకంటే బాగా తన చేతి నుంచి ఏదీ రాలేదని ఆమే నాతో అంది. అక్క నోట సొంత పని గురించి పొగడ్త వినడం నాకు అదే మొదలు.

మరుసటి వసంతంలో ఎమ్మెరం పోయాడు. ఆ ఏడాది చివర చలికాలంలో విపరీతమైన మంచు పడి, ఆఫీసు ఉన్న భవనంలో నీటి గొట్టం పగిలింది. టేపులు దాచిన గది మోకాలు లోతు నీళ్ళయింది. నకళ్ళు తీసిన పాత టేపులు బతికాయి. మా ఊరి టేపులకు నకలు తీసే వంతు ఇంకా రాలేదు.

ఎమ్మెరం కూతురు త్సెంజికి ఆ సంగతి తెలియదు. తండ్రి సంవత్సరీకం పూజకు ఆ టేపు వినాలని ఆమె కోరిక. టేపు పోయిందని అక్క రాసిన ఉత్తరం అందగానే మా గుమ్మం ముందుకొచ్చి నిలబడింది.

"మా నాన్న గొంతు పట్టుకపోయి నీళ్ళపాలు చేశారు. పెట్టెలో పెట్టుకోవడం చాతకానోళ్ళు ఎందుకు పట్టుకపోవాల?" అంది. అరవలేదు. నెమ్మదిగా అంది.

మర్నాడే బస్సెక్కి ఆఫీసులో అక్క దగ్గరికి వెళ్ళి చెప్పాను. "గొంతు పోయింది. మాట పోలేదు" అంది. బీరువా తీసి ఎమ్మెరం కాగితాలు బయటపెట్టింది. "ఇది ఎమ్మెరం నోటి దారి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ తిరగాలో అన్నీ ఉన్నాయి. చదువుతూ దానమ్మట నేను నడవగలనో లేదో."

"ఇప్పటిదాకా ఎవరైనా నడిచారా?" అని అక్కడే ఉన్న డాక్టరు గారిని అడిగాను.

"ఒక మాటో, వాక్యమో నడుస్తాం, సరిచూసుకోవడానికి. మనిషినంతా ఎవరూ నడవలేదు" అన్నారాయన. "నేనైతే నడవలేను. మీ అక్క ప్రయత్నిస్తానంటే నేను వచ్చి వింటాను."

పూజ ముందురోజు అక్క ఇంటికొచ్చింది. ఆ సాయంత్రం కొట్టంలోంచి ఎమ్మెరం దగ్గు వినిపించి నాన్న పాలచెంబు వదిలేశాడు. వెళ్ళి చూస్తే అక్క గడ్డి మోపు మీద కూర్చుని, కాగితం మోకాళ్ళ మీద పెట్టుకుని ఆవులకు చదివి వినిపిస్తోంది.

"ఆవులేమన్నాయి?" అన్నాడు నాన్న.

"ఇంకా నమ్మలేదు" అంది అక్క.

మా వైపు ఊరందరిదీ ఒకే బీరు బట్టీ. హక్కున్న ఇళ్ళవాళ్ళు అందులో వండుకుని, తమ వంతు వచ్చినప్పుడు గుమ్మానికి గుర్తుగా నక్షత్రం బొమ్మ వేలాడదీసి, ఇంటి ముందుగదిలోనే అందరికీ పోస్తారు. ఆ వారం వంతు త్సెంజి వాళ్ళది. ఆదివారం పూజ కాగానే ఊరంతా వాళ్ళింట్లోనే ఉంది. బల్లల మీద బీరు, నంజుకోవడానికి ఎండబెట్టిన పంది మాంసం, రొట్టె. అక్క గోడవార కూర్చుంది. ఆమె వచ్చింది టేపు పోగొట్టిన ఆఫీసు మనిషిగా. ఆమెకు బీరు పోసినా, ఆమె బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు, నేనూ డాక్టరు గారూ తప్ప.

అక్క లేచింది. "త్సెంజీ, టేపు పోయింది. దానికి నేను ఏం చెప్పినా తక్కువే. కానీ మీ నాన్న ఎట్టా మాట్లాడాడో నేను రాసి పెట్టుకున్నా. చదవమంటే చదువుతా. ఆపమంటే ఆపుతా" అంది.

"చదివితే నీ గొంతే కదా వచ్చేది" అంది త్సెంజి.

"గొంతు నాదే."

త్సెంజి సరేనన్నట్టు తల ఊపింది.

అక్క చదవడం మొదలుపెట్టింది. మొదటి రెండు మూడు మాటలు ఆడమనిషి గొంతే, ఎవరో చదువుతున్నట్టే ఉంది. వెనక ఎవరో గ్లాసు కదిపారు. ఆ తర్వాత ఎమ్మెరం ఎప్పుడూ అనే "అయితేగియితే" వచ్చింది. దాని చివర ఆయన చిన్నగా గాలి లోపలికి పీల్చేవాడు. అక్క పీల్చింది. కాటల్ చేతిలో రొట్టె ఆగిపోయింది. గొంతు సన్నదే, కానీ సాగదీసే చోటు, మింగేసే చోటు, వాక్యం చివర బండి గుంతలో పడ్డట్టు పడే ఆ పడటం, అంతా ఆయనదే. కళ్ళు మూసుకున్నవాళ్ళకు మనిషి ఎదురుగా కూర్చున్నట్టుంది. కళ్ళు తెరిచినవాళ్ళు మళ్ళీ మూసుకున్నారు.

గుర్రం మునిగింది. ఫైట్ గట్టున పడ్డాడు. అక్క చదువుతోంది: "ఫైటు నన్ను జూసి, అన్నా, గుర్రానికి ఏడుస్తన్నావు, నాకు ఏడవ్వేం అన్నాడు. ఒరే, నువ్వు బతికే ఉండావు కదరా, నీకెందుకు ఏడవాల అన్నా."

గదంతా నవ్వింది. త్సెంజి కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. అక్క ఆగి చూసింది. త్సెంజి చేతులు తీయకుండానే, "ఆపబాక, ఆపబాక" అంది.

చదవడం అయింది. మిల్లు లోరెంజ్ గొంతు సవరించుకున్నాడు. ఆయన ఎమ్మెరానికి చిన్ననాటి స్నేహితుడు. "అంతా బాగానే ఉంది గానీ, 'చెరువు' అనేటప్పుడు వాడు ఇంకాస్త సాగదీసేవాడు" అన్నాడు.

"సాగదీసేది తాగినప్పుడు. ఆ రోజు తాగలేదు" అంది అక్క.

లోరెంజ్ ఆలోచించాడు. "అదీ నిజమే. నాతో మాట్లాడినప్పుడు ఎప్పుడూ తాగే ఉండేవాడు" అన్నాడు.

ఈసారి నవ్వు వీధిలోకి వినపడింది. త్సెంజి ముఖం తుడుచుకుని, పీపా దగ్గరికి వెళ్ళి, తండ్రి తాగే మూత ఉన్న పింగాణీ కూజా నింపి తెచ్చి అక్క ముందు పెట్టింది. ఆయన పోయాక ఆ కూజాను ఎవరూ ముట్టుకోలేదు. అక్క అందులోనే తాగింది. లోరెంజ్ తన గ్లాసు పట్టుకుని వచ్చి మా బల్ల దగ్గర కూర్చున్నాడు, తర్వాత కాటల్, తర్వాత జరగడానికి చోటు లేకపోయింది. నా పక్కనున్నవాడు, "మీ అక్కేనా?" అన్నాడు, చిన్నప్పటినుంచీ తెలిసినవాడే. "మా అక్కే" అన్నాను. ఆ మాట అంత గట్టిగా నేనెప్పుడూ అనలేదు.

డాక్టరు గారు మాత్రం కళ్ళజోడు తుడుచుకుంటూ ఉన్నారు. బయటికొచ్చాక నాతో, "మా నానమ్మ దగ్గర ఇలాంటి మనిషి ఉంటే బాగుండేది" అన్నారు.

ఆ ఎండాకాలం నీలం వ్యాను మళ్ళీ వచ్చింది. ఈసారి తలుపులు వేసుకోలేదు. బడి ముందు బెంచీల మీద వంతు కోసం కూర్చున్నారు. కాటల్ ఇంటి ఎప్రన్‌తోనే వచ్చి, పిండి చేతులతోనే మైకు ముందు కూర్చుని, ఆవుల్ని తాను రోజూ తిట్టే తిట్లన్నీ తిట్టింది. ఫాదరు గారు వరండాలోకి వెళ్ళిపోయారు. అక్క ఒక్క తిట్టూ వదలకుండా రాసింది.

పుస్తకం రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. మా జిల్లా ఊళ్ళ మాటలన్నీ ఉన్న లావుపాటి సంపుటం. పైన డాక్టరు గారి పేరు, దాని పక్కనే, అంతే సైజులో, అక్క పేరు. అది డాక్టరు గారు పట్టుబట్టి చేయించిన పని. అక్క అడిగింది ఒక్కటే, తన పేరు తర్వాత ఊరి పేరు ఉండాలని. 'ఆఫ్రా లేనర్, మూస్‌రాయిట్' అని వేశారు. ఊరికి ఒక ప్రతి ఇచ్చారు. అందులో ఒక్క అక్షరం చదవడం మాకెవరికీ రాదు. అయినా బట్టీ గదిలో అద్దాల బీరువా చేయించి పెట్టాం. కొత్తగా పెళ్ళయి వచ్చిన కోడళ్ళకు చూపించడం ఆనవాయితీ అయింది.

ఒకసారి నేను చెరువు నీళ్ళ అనుమతి కోసం జిల్లా ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి కుర్ర గుమాస్తా నా మాట విని, "కాస్త జర్మన్‌లో చెప్తారా?" అన్నాడు. పూర్వమైతే తల దించుకుని, నోరు తిప్పుకుని ఏదో అనేవాణ్ణి. "ఇది జర్మనే నాయనా. నీకు అర్థమయ్యేదాకా మళ్ళీ చెప్తా, నాకేం తొందర లేదు" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మూడోసారికి అర్థమైంది అతనికి.

ఇంట్లో మాత్రం ఒకరికి మనసులో ముల్లు ఉండిపోయింది. టేపులో మాట్లాడే మనిషికి ముందుపళ్ళు ఉండాలన్నది ఆ ఆఫీసు నియమం. పళ్ళు లేకపోతే పలుకు ఊరిదో, బోసినోటిదో తేలదట. నాన్నకు ముందుపళ్ళు గుర్రం తన్ని ఎప్పుడో పోయాయి. కాబట్టి వ్యాను రెండుసార్లు వచ్చినా ఆయన్ని మైకు ముందు కూర్చోబెట్టలేదు. ఊళ్ళో ఆయన ఈడువాళ్ళందరూ పుస్తకంలో ఉన్నారు, ఆఫ్రా తండ్రి తప్ప. ఆయన పైకి అనలేదు. బట్టీ గదిలో ఆ బీరువా వైపు మాత్రం వీపు పెట్టి కూర్చునేవాడు.

ఆయనకు ఎనభై దాటాక, ఒక సెలవు రోజు అక్క వంటింట్లో పెన్సిలు చెక్కుకుని ఆయన ఎదురుగా కూర్చుంది. "చెప్పు నాన్నా" అంది.

"ఏం చెప్పాల? పళ్ళు లేనోణ్ణి."

"అదే చెప్పు."

"మీ ఆఫీసోళ్ళకి గుర్రం తన్నితే తెలిసొచ్చేది" అని మొదలుపెట్టాడు. అక్కడినుంచి గుర్రం, గుర్రాన్ని అమ్మినవాడు, వాడి వంశం, ఆఫీసు, నియమం, డాక్టరు గారి పొడుగు, ఎవర్నీ వదలకుండా తిట్టాడు. అక్క పెన్సిలు ఆగలేదు. ఒకచోట మాత్రం ఆగి, "నాన్నా, ఆ 'స' మళ్ళీ అను" అంది.

అన్నాడు. పళ్ళు లేని చోట గాలి మెత్తగా జారి, 'స' కాదు, 'ఫ' కాదు, రెంటి మధ్య ఏదో వచ్చింది.

"దానికి మీ రాతలో గుర్తుందా?" అన్నాడు నాన్న, అనుమానంగా.

"లేదు" అంది అక్క. కాసేపు ఆలోచించి, 's' అక్షరం కింద చిన్న లాడం గీసింది. పేజీ అడుగున దానికి వివరణ రాసింది. తర్వాత డాక్టరు గారికి చూపిస్తే ఆయన నవ్వి, సంతకం పెట్టి, ఆ కాగితాన్ని మా ఊరి పేజీలతో కలిపి ఆఫీసు బీరువాలో దాచారట. దాని నకలు ఒకటి అద్దం కట్టించి నాన్నకు పంపారు.

నాన్న దాన్ని వంటింట్లో, వచ్చినవాళ్ళకు మొదట కంటపడే గోడకు కొట్టాడు. ఎవరొచ్చినా కూర్చోబెట్టి, వేలితో ఆ లాడాన్ని చూపించేవాడు.

"ఇదిగో, ఇది నాది. మా అమ్మాయి పెట్టింది. జర్మనీ మొత్తంలో ఇంకొకడికి లేదు."